గుంతలు తీయు యంత్రము: దానిని చేపట్టువా రెఱుగవలసిన సంగతులు

మొక్క నాటుటకు గుంత తీయుట మన పెద్దల కాలమున గడ్డపాఱతోను పాఱతోను జరుగుచుండిన పని. గట్టి ఎఱ్ఱనేలలో ఒక మనుష్యుడు ఉదయము మొదలు మధ్యాహ్నము వఱకు చెమటోడ్చి త్రవ్వినను, వ్రేళ్లపై లెక్కింపదగినన్ని గుంతలు మాత్రమే తెమలెడివి. నేడు అదే పనిని, చేతులతో పట్టుకొని నడుపు చిన్న పెట్రోలు యంత్రము నిమిషములలో ముగించుచున్నది. అంగళ్లలో దీనిని ఎర్త్ ఆగర్ అందురు. రైతులు గుంతల మిషను అందురు. తోటలు వేయువారు, కంచెకు రాతి కడీలు పాతువారు దీనిని తఱచుగ అద్దెకు తెచ్చుకొనుచున్నారు. 1950వ సంవత్సరమున కేంద్రమంత్రి కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించినది మొదలు, 2015లో తెలంగాణమున ఆరంభమైన హరితహారము వఱకు, చెట్లు నాటు పని పాఠశాలల ఆవరణములకును వచ్చినది. దాని వెంట ఈ యంత్రమును వచ్చినది.

యంత్రము మేలు చేయునదే యనుటలో సందేహము లేదు. అయినను దాని స్వభావమును తెలిసికొనక చేపట్టుటవలన కలుగు కీడెట్టిదో గడచిన తొలకరిలో నేను కన్నులార చూచితిని. మన క్రీడాస్థలము చుట్టును వేప, కానుగ మొక్కలు నాటింపదలచి, ఇట్టి యంత్రము నొకదానిని, దానిని నడుపు యువకునితో గూడ కూలికి పిలిపించితిమి. అతడు పనియందు నేర్పరి. రెండు గంటలలో ముప్పదికి పైగా గుంతలు తీసెను. విద్యార్థులు చుట్టు మూగి వేడుక చూచుచుండిరి. పాత చింతచెట్టునకు కొంత యెడముగ, యంత్రపు బిట్టు నేలలోనికి మోకాటిలోతు దిగినంతనే, లోపల ఏదో తగిలిన శబ్దమైనది. మఱుక్షణమున యంత్రము గిఱ్ఱున తిరిగి అతని కుడిచేతిని మెలిపెట్టెను. మణికట్టు ఎముక విఱిగినది. దినకూలిపై కుటుంబమును పోషించుకొనువాడు రెండు మాసములకు పైగా ఇంట కూర్చుండవలసి వచ్చెను.

ఆ వారముననే నేను తొమ్మిదవ తరగతివారికి న్యూటను మూడవ గమన నియమమును బోధించియుంటిని. చింతవేళ్లు కొమ్మల నీడను దాటి పాకియుండునని ఎఱిగియు అతనికి చెప్పనివాడను నేను. పిల్లలను దూరముగ నిలుపనివాడను నేనే. నల్లబల్లపై వ్రాసిన నియమము ఆవరణములోని పనికి అక్కఱకు రాకపోయినచో ఆ చదువెందులకు? చేయి నయమైన పిదప ఆ యువకుడు మా ఇంటికి వచ్చినప్పుడు, యంత్రము తిరిగినంతనే మీటను ఏల విడువలేదని అడిగితిని. “వదలాలని తెలుసండీ. కానీ చెయ్యి దానంతటదే బిగుసుకుపోయింది” అని అతడు చెప్పెను. ఈ యంత్ర విషయమున ముఖ్యముగ తెలిసికొనవలసినదంతయు ఆ మాటలో నున్నది. అతడు చెప్పిన మెలకువలను యంత్రముతో వచ్చు సూచనల పుస్తకముతో సరిచూచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

యంత్రస్వరూపము

వడ్రంగి చేతిలోని బరమాను చూడని విద్యార్థి యుండడు. ఈ యంత్రపు బిట్టు పెద్ద బరమాయే. నిట్టనిలువు ఉక్కుకడ్డీ చుట్టును మెలికలుగ రేకు చుట్టబడి యుండును. క్రింది కొనను నేలను చీల్చు పదునైన పండ్లుండును. కొన తిరుగుచు మన్నును గోయును. మెలికల రేకు ఆ మన్నును పైకి మోసి గుంత అంచున పోయును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమువాడైన ఆర్కిమిడీసు పేర ప్రసిద్ధమైన, నీటిని పైకెత్తు మఱయు ఈ మెలికల ఉపాయము గలదియే. బిట్టులు సాధారణముగ 4 అంగుళములు మొదలు 12 అంగుళముల వెడల్పు వఱకు దొరకును. వాని పొడవు ఇంచుమించు రెండున్నర అడుగులు.

బిట్టునకు పైన గేరుపెట్టె, దానిపైన ఇంజను, ఇరువైపుల చేతిపిడులు ఉండును. కుడి పిడివద్ద వేగమును పెంచు మీటయు, ఇంజను నాపు స్విచ్చియు నుండుట సామాన్యము. మీటను నొక్కినచో ఇంజను వేగము హెచ్చి, లోపలి క్లచ్చి పట్టుకొని బిట్టు తిరుగును. విడిచినచో వేగము తగ్గి, క్లచ్చి వదలి బిట్టు నిలుచును. ఇంజను నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. గేరులు ఆ చుట్లను తగ్గించి, తగ్గిన మేరకు మెలిపెట్టు బలమును హెచ్చించును. తక్కువ గేరులో సైకిలు త్రొక్కుచు ఎత్తైన బాట నెక్కువాడు ఏ న్యాయమున బలమును పొందునో ఇదియు ఆ న్యాయమే.

తిరుగుదెబ్బ

చిన్న చెక్కముక్కకు బరమాతో రంధ్రము చేయునప్పుడు, బరమా చెక్కలో బిగిసికొన్నచో చెక్కయే గిఱ్ఱున తిరుగుట విద్యార్థులు చూచియుందురు. అందుచేతనే వడ్రంగి చెక్కను కాలితో త్రొక్కిపట్టును. ఇప్పుడు చెక్కకు మాఱుగ భూమి యున్నదనుకొనుడు. వేరునకో రాతికో తగిలి బిట్టు బిగిసికొన్నది. ఇంజను ఇంకను త్రిప్పుచునే యున్నది. భూమి తిరుగదు; కావున యంత్రము తిరుగును. యంత్రమును పట్టుకొన్న మనుష్యుడును దానితో తిరుగును. చర్యకు ప్రతిచర్య సమానముగను వ్యతిరేక దిశయందును ఉండునని న్యూటను 1687లో ప్రకటించిన నియమమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

ఈ దెబ్బ ఎంతటిదో లెక్కవేసి చూతము. నిమిషమునకు 6,500 చుట్లు తిరుగుచు 1.4 కిలోవాట్ల శక్తి నిచ్చు ఇంజనును, చుట్లను 30వ వంతునకు తగ్గించు గేరుపెట్టెను తీసికొందము. అప్పుడు బిట్టు నిమిషమునకు సుమారు 217 చుట్లు, అనగా సెకనుకు మూడున్నరకు పైగా చుట్లు తిరుగును. ఘర్షణలో పోవునది విడిచిన, బిట్టువద్ద మెలిబలము సుమారు 60 న్యూటను-మీటర్లు. పిడుల నడుమ దూరము 60 సెంటీమీటర్లయినచో, ఒక్కొక్క చేతిపై 100 న్యూటనులు, అనగా పదికిలోల బరువు లాగినంత బలము పడును. ఇది నిలకడగ నున్న బలము మాత్రమే. వేగముగ తిరుగు భాగములు హఠాత్తుగ నిలిచినప్పటి తాకిడి దీనికంటె చాల హెచ్చు.

కాలమునుగూడ లెక్కింపవలెను. ఊహింపని సంఘటనకు మన శరీరము బదులు చెప్పుటకు సుమారు సెకనులో నాలుగవ వంతు పట్టును. ఆ లోపుననే బిట్టు దాదాపు ఒక చుట్టు తిరుగగలదు. కావున “దెబ్బ తగిలినప్పుడు చూచుకొందము” అనువాడు ఎంత చుఱుకైనవాడైనను మోసపోవును. అంతటితో తీరలేదు. చేతిలోనిది జాఱబోవునప్పుడు పిడికిలి బిగించుట మనుష్య స్వభావము. ఆ పిడికిలిలోనే వేగపు మీట యున్నది! భయపడిన చేయి బిగిసిన కొలది ఇంజను వేగము హెచ్చును, దెబ్బయు హెచ్చును. మా యువకునికి జరిగిన దిదియే. అతని బలము తక్కువయై కాదు. బలమును చూపరాని చోట చేయి తనంతట తాను బలమును చూపుటవలన ఎముక విఱిగినది.

పనికి పూర్వము

మొదట నేలను విచారింపవలెను. సమీపమున పెద్దచెట్లున్నచో వాని కొమ్మల నీడ ఎంతవఱకు పడునో అంతకు మించి వేళ్లు వ్యాపించి యుండుననుకొనవలెను. గుంత తీయదలచిన చోట సన్నని ఇనుప ఊచను దించి చూచినచో పైపైనున్న రాయి, వేరు తెలియును. అయితే ఊచను దించుటకు ముందే నేలలో కరెంటు తీగెలుగాని నీటి గొట్టములుగాని గ్యాసు గొట్టములుగాని లేవని నిర్ధారణ చేసికొనవలెను. విద్యుచ్ఛాఖవారిని, పంచాయతీ లేక పురపాలకవారిని అడుగుట విధి. 2023 మార్చి 22వ తేదీన కేంద్రప్రభుత్వము “కాల్ బిఫోర్ యూ డిగ్” అను సెల్‌ఫోను ఏర్పాటును ప్రారంభించినది. త్రవ్వువారు తమ చోటును ముందుగ తెలిపినచో, అచ్చట తీగెలు, గొట్టములు గల సంస్థలకు కబురు చేరుట దాని ఉద్దేశ్యము.

పిదప దుస్తులు. పంచె చెంగు, మెడలోని తువాలు, వ్రేలాడు చున్నీ, విడిచిన జడ, ఇవన్నియు తిరుగు బిట్టునకు చిక్కును. ఒంటికి హత్తుకొనిన చొక్కా, లాగు, కాలి వ్రేళ్లను కాపాడు గట్టి బూట్లు, చేతికి సరిపోవు తొడుగులు, కంటికి అద్దములు వలయును. శబ్దము 85 డెసిబెల్స్ మించిన చోట గంటలకొలది పనిచేయుట చెవికి హానికరము. ఈ ఇంజనుల శబ్దము దానిని మించునది గనుక చెవులకు బిరడాలు తప్పవు. దూది కుక్కుకొనుట చాలదు.

ఇక ఇంధనము. ఈ యంత్రములలో హెచ్చుభాగము రెండు స్ట్రోకుల ఇంజనులు. వీనికి పెట్రోలులో తగిన నూనెను కలుపవలెను. 25కు 1 పాలు చెప్పినచో లీటరునకు 40 మిల్లీలీటర్లు. 50కి 1 చెప్పినచో 20 మిల్లీలీటర్లు. ఏ పాలో ఆ యంత్రపు పుస్తకమును చూచి తెలిసికొనవలెనే గాని ఊహింపరాదు. ఇంజను వేడిగ నున్నప్పుడు పెట్రోలు పోయరాదు. దగ్గఱ బీడీ వెలుగరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది క్రిందికి దిగి గుంతలో నిలుచును. కావున గుంతలకు ఎడముగ పెట్రోలు పోసికొని, అచ్చోటనుండి పది అడుగులు జరిగిన పిదపనే ఇంజనును మొదలిడవలెను. మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము.

అన్నింటికంటె ముఖ్యమైన సాధన యొకటి కలదు. ఇంజనును ఆపి, స్పార్క్ ప్లగ్గు తీగెను ఊడదీసి, యంత్రమును పట్టుకొని నిలువవలెను. తోటివాడు చెప్పకయే పిడిని ఒక్కసారిగ త్రోయవలెను. త్రోసినంతనే పిడులను విడువక, మీటపైనున్న వ్రేళ్లను మాత్రము విప్పవలెను. పదిసార్లు, ఇరువదిసార్లు ఇట్లు చేసినచో, బిగించుటకు మాఱుగ విప్పుట వ్రేళ్లకు అలవాటగును. ఈ అలవాటు కుదిరిన పిదపనే ఇంజను త్రాడు లాగవలెను.

పని చేయునప్పుడు

పనివాడు తప్ప ఇతరులెవ్వరును పదునైదడుగుల లోపల నుండరాదు. ఇద్దఱు పట్టుకొను యంత్రమైనచో, “ఆపు” అనుటకు తలయూపుటో కాలు తట్టుటో ముందుగనే నిర్ణయించుకొనవలెను. ఆ శబ్దములో మాట వినబడదు.

పాదములను భుజముల వెడల్పున ఎడముగ నుంచి, మోకాళ్లను కొంచెము వంచి, రెండుచేతులతో పిడులను పట్టవలెను. మోచేతులు కఱ్ఱలవలె చాపి బిగించరాదు. ఒంటికి దగ్గఱగ నుంచవలెను. పైనుండి చూచినప్పుడు బిట్టు గడియారపు ముల్లు తిరుగు దిక్కున తిరుగును. కావున తిరుగుదెబ్బ దానికి ఎదురుగ వచ్చును: ఎడమ పిడి మనవైపునకు త్రోయబడును, కుడి పిడి మననుండి లాగబడును. ఈ కారణముచేత చట్రము గల యంత్రములలో దాని ఎడమభాగమును ఎడమ తొడకు ఆనించి నిలుతురు. అప్పుడు మొదటి తాకిడి మణికట్టుపై గాక తొడపై పడును. శరీరము బదులు చెప్పలేని ఆ పావు సెకనులో మనలను కాపాడునది ఈ నిలుకడయే. పిదప కాపాడునది వ్రేలు విప్పుట. కొన్ని మేలురకపు యంత్రములలో దెబ్బ తగిలినంతనే బిట్టును నిలుపు బ్రేకు కూడ నుండును. అద్దెకు తెచ్చువారు అట్టిది దొరకునేమో విచారించుట మంచిది.

ఇంజనును మొదలిడునప్పుడు బిట్టు కొన నేలపై నిలువుగ నానియుండవలెను. తక్కువ వేగముతో కొన నేలలో కుదిరిన పిదప వేగమును పెంచవలెను. యంత్రముపై బరువు మోపి నొక్కరాదు. పదునైన బిట్టు తనంతట తానే దిగును. దిగనిచో పండ్లు మొద్దువాఱినవనియో అడుగున రాయి యున్నదనియో తెలిసికొనవలెను. ప్రతి నాలుగైదు అంగుళములకు బిట్టును పైకెత్తి మన్నును విడిపింపవలెను. వానకు నానిన నల్లరేగడిలో ఈ జాగ్రత్త మఱింత అవసరము. అట్టి నేలలో బిట్టు మరమేకువలె తన్ను తాను బిగించుకొని, లోపల పాతుకొనిపోవును. ఇసుకనేలలో అంచులు విఱిగిపడును. గుంత అంచున నిలువరాదు.

ఎడతెగక చేయు కంపనము వ్రేళ్లలోని రక్తప్రసారమును చెఱచును. వ్రేళ్లు తిమ్మిరియెక్కి తెల్లబాఱుట దాని గుర్తు. పావుగంట కొకసారి విశ్రాంతి తీసికొనవలెను. అలసినవాని పిడికిలి త్వరగ బిగియును, ఆలస్యముగ విప్పుకొనును.

బిట్టు చిక్కుకొన్నచో

మొదట మీటను విడువవలెను; పిదప స్విచ్చితో ఇంజనును పూర్తిగ నాపవలెను. ఇంజను నడుచుచుండగ పైకి లాగుటయు, వేగము పెంచి విడిపింపజూచుటయు మూర్ఖత్వము. ఇంజను నిలిచిన పిదప స్పార్క్ ప్లగ్గు తీగెను ఊడదీసి, యంత్రమును గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున చేతితో మెల్లగ త్రిప్పినచో, మర విప్పినట్లు బిట్టు పైకి వచ్చును. రాకున్నచో చుట్టుపట్ల గడ్డపాఱతో త్రవ్వి తీయవలెను. బిట్టునకు అంటిన బంకమన్నును కఱ్ఱతోనే గీకవలెను, చేతితో తీయరాదు.

ఒకవేళ చేతికి దెబ్బ తగిలినచో, చేతిని లాగి సరిచేయ ప్రయత్నింపరాదు. కదలకుండ పలకచెక్కను ఆనించి మెత్తని గుడ్డతో కట్టి, 108కి కబురు చేసి, ఆసుపత్రికి చేర్పవలెను.

పని ముగిసిన పిదప

యంత్రము తీసిన గుంత ఇఱుకుగను లోతుగను ఉండును. గడ్డి మొలచిన నేలలో దూరమునుండి కనబడదు. పరుగెత్తు పిల్లవాని కాలు, మేయు దూడ కాలు దానిలో దిగినచో విఱుగుట నిశ్చయము. నిరుపయోగములైన బోరుబావులలో పిల్లలు పడి మరణించుట చూచి, వానిని మూసివేయవలెనని 2010లో సుప్రీంకోర్టు నియమముల నేర్పఱచినది. మన గుంత దానికంటె చిన్నదైనను న్యాయ మొక్కటే. ఆనాడు నాటగల మొక్కలకు చాలినన్ని గుంతలే తీయవలెను. మిగిలిన గుంతపై పలకయో ముండ్లకంపయో వేసి గుర్తుకఱ్ఱ పాతవలెను.

మొక్క మేలునకును ఒక మాట. తడి బంకనేలలో తిరుగు బిట్టు గుంతగోడలను కుమ్మరి కుండవలె నున్నగ చేయును. లేతవేళ్లు ఆ గోడను చొరలేక లోలోపల చుట్టుకొనును. నాటుటకు ముందు గునపముతో గోడలను గీకి గరుకు చేయుట మఱవరాదు. యంత్రము వచ్చినను గునపమునకు పనియున్నది.

ఎవరు నడుపవచ్చును?

తల్లిదండ్రులకు ఒక విన్నపము. సెలవు దినములలో తోటపనికి వెళ్లు పిల్లలు, ముఖ్యముగ పై తరగతుల బాలురు, ఈ యంత్రమును పట్టుకొన ఉవ్విళ్లూరుదురు. బలము వచ్చినదిగదా యని పెద్దలు ఇచ్చుటయు కలదు. 1986వ సంవత్సరపు బాలకార్మిక చట్టమును 2016లో సవరించినప్పుడు, పదునెనిమిదేండ్లు నిండనివారిని చట్టము పేర్కొనిన అపాయకరములైన పనులలో నియమించుట నిషేధింపబడినది. ఆ పట్టికలో ఈ యంత్రము పేరున్నదా లేదా యని వెదకుటకంటె, ఆ చట్టపు భావమును గ్రహించుట మేలు. మొక్కను ఎన్నుకొనుట, ఊచతో నేలను పరీక్షించుట, ఇతరులను దూరముగ నిలుపుట, గుంతగోడను గీకుట, నీరు పోయుట, ఇవన్నియు విద్యార్థులు గౌరవముగ చేయదగిన పనులు. యంత్రము నేర్చిన పెద్దవాని చేతిలోనే యుండనిండు. కూలికి వచ్చినవానికి నేల సంగతి చెప్పుటయు, తగిన బూట్లు, తొడుగులు ఉన్నవో లేవో చూచుటయు పని చేయించుకొనువారి బాధ్యత. నేను ఆ బాధ్యతను మఱచితిని, మీరు మఱవకుడు.

ఈ సంవత్సరము తొలకరికి మిగిలిన మొక్కలు నాటుటకు ఆ యువకుడే మరల వచ్చెను. విద్యార్థులు ముందుగ చింతచెట్టు చుట్టును ఊచతో పరీక్షించి, వేరున్న చోట్లనెల్ల సున్నపు గుర్తులు పెట్టి, పదునైదడుగుల దూరమున త్రాడు కట్టి దాని వెలుపల నిలిచిరి. అతడు ఇంజనును మొదలిడుటకు ముందు, పిడిని పట్టుకొని తన తోటివానితో త్రోయించుకొనుచు, వ్రేళ్లు విప్పుటను పదిసార్లు సాధన చేసెను. ఆనాడు తీసిన గుంతలలో రెండు చోట్ల బిట్టు బిగిసినది. రెండుసార్లును యంత్రము మూలిగి నిలిచిపోయినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. గట్టిగ పట్టుకొనుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. తగిన వేళకు వ్రేలు విప్పుట మాత్రము నేర్చుకొనవలసిన విద్య.